గైడుతో రెండు రాత్రుల కెనూ క్యాంపింగ్: బట్టలూ సామానూ ఏవి, ఎంత, ఎలా సర్దాలి?

రాజాం_వాసి:
అందరికీ నమస్కారం. జనవరిలో, పండక్కి ముందు వారం, ఎనిమిది మందిమి గైడుతో కెనూ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) క్యాంపింగ్‌కి వెళ్తున్నాం. రెండు రాత్రులు, మూడు పగళ్లు. తాటిపూడి జలాశయం అనుకుంటున్నాం, అక్కడ అనుమతి కుదరకపోతే మడ్డువలస. గైడు ఇచ్చేవి: నాలుగు కెనూలు (ఒక్కోదాంట్లో ఇద్దరు, గైడుది వేరే), తెడ్లు, లైఫ్ జాకెట్లు, టెంట్లు, వంట సామాను, తిండి. బట్టలు, పక్క, సొంత వస్తువులు మావి. మనిషికి ఒకే సంచి, 8 కిలోలు దాటకూడదన్నారు. మాలో ముగ్గురు ఆడవాళ్లు. ఒకరికి బీపీ మాత్రలు, ఇద్దరికి కళ్లజోళ్లు. ఈత బాగా వచ్చినవాళ్లు ఇద్దరే. ఏటేటి పట్టుకెళ్లాలి, ఏవి ఇంట్లో వదిలేయాలి? సంచి ఎలాంటిది కొనాలి?

తెడ్డుపట్టు:
రాజాం_వాసి గారూ, జాబితా కన్నా ముందు ఒక పద్ధతి పట్టుకోండి, మిగతావి దాని వెంట వస్తాయి. మీ బట్టలు రెండే జతలు. ఒకటి తడి జత, ఒకటి పొడి జత. తడి జత పగలంతా ఒంటి మీదే ఉంటుంది. తడుస్తుంది, ఆరుతుంది, మళ్లీ తడుస్తుంది. పొడి జత సాయంత్రం టెంటు వేశాకే బయటికి వస్తుంది, పొద్దున్నే మళ్లీ సంచిలోకి పోతుంది. రెండో రోజు పొద్దున్న తడి జత చెమ్మగా, చల్లగా ఉంటుంది. అయినా దాన్నే వేసుకోవాలి. పది నిమిషాలు తెడ్డేస్తే ఒంటి వేడికే సర్దుకుంటుంది. ఆ చలికి జడిసి పొడి జతతో పడవెక్కితే, రాత్రికి పొడి బట్టంటూ మిగలదు. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే.

తడి జత అంటే పొడుగు చేతుల పాలిస్టర్ టీషర్టు (క్రికెట్ జెర్సీ చాలు), పల్చటి నైలాన్ ప్యాంటు, పాలిస్టర్ లోదుస్తులు, గడ్డం కింద తాడున్న అంచు టోపీ. పొడి జత అంటే టీషర్టు, పైజామా, స్వెటర్ లేదా ఫ్లీసు (నూగున్న పాలిస్టర్ గుడ్డ) చొక్కా, మంకీ క్యాపు, సాక్సులు రెండు జతలు, లోదుస్తులు రెండు. అంతే. మూడు పగళ్లకి మూడు ప్యాంట్లు అని లెక్కేయకండి.

జీన్సు ఎవరూ తేవద్దు. తడిస్తే బరువు, మర్నాటికీ ఆరదు, తొడలు ఒరుసుకుపోతాయి.

చెప్పుల సంగతి విడిగా చెప్పాలి. దిగేటప్పుడు కాలు పెట్టేది గట్టు మీద కాదు, మోకాలి లోతు నీళ్లలో. హవాయి చెప్పు బురదలో ఉండిపోతుంది, కాలు మాత్రం పైకొస్తుంది. గమ్‌బూటులోకి నీళ్లు దిగితే అడుగు తీసి అడుగు వేయలేరు. మడమ వెనక పట్టీ ఉన్న ఫ్లోటర్లు, లేదా తాడు బిగించి కట్టిన పాత స్పోర్ట్స్ బూట్లు వాడండి. క్యాంపులో తిరగడానికి మాత్రం హవాయి చెప్పులు పొడి సంచిలో పెట్టుకోవచ్చు.

గంట్యాడ_గట్టు:
తాటిపూడి అనంతగిరి కొండల పాదం దగ్గరుంది. పగలు ఎండకి చెమట పడుతుంది, సాయంత్రం ఐదున్నర దాటి పొద్దు వాలాక చలి ఒక్కసారిగా దిగుతుంది. పండగ ముందు రోజుల్లో కొన్ని రాత్రులు పదిహేను డిగ్రీల దగ్గరికి పోవచ్చు. పైగా నీటి ఒడ్డున మంచు బాగా కురుస్తుంది. టెంటు బయట ఆరేసిన బట్టలు పొద్దున్నకి ఆరకపోగా ఇంకా నానుతాయి. చీకటి పడేలోపే తీసి పిండి, టెంటు లోపల తాడు మీద వేయండి.

ఒడ్డు గురించి రెండు మాటలు. నీరు వెనక్కి తగ్గిన చోట పైన ఎండి పెళుసుగా కనిపించినా లోపల బురదే. ముందు తెడ్డుతో గుచ్చి చూసి కాలు పెట్టాలి. తుమ్మ ముళ్లు ఎక్కడైనా ఉంటాయి, కాబట్టి పల్చటి అడుగున్న చెప్పులు పనికిరావు. జాలర్ల వలలు కూడా చూసుకోవాలి. నీటి మీద వరసగా థర్మోకోల్ ముక్కలో ప్లాస్టిక్ సీసాలో తేలుతుంటే కింద వల ఉన్నట్టే. చుట్టూ తిరిగి వెళ్లండి. తెడ్డుకి తగులుకుంటే నెమ్మదిగా విడదీయండి తప్ప కోయకండి, అది ఒకరి బతుకుతెరువు.

ఆమదాలవలస_టైలర్:
బట్ట గురించి నేను చెప్తాను. కాటన్ పీచు నీటిని తన లోపలికి పీల్చుకుంటుంది, అందుకే ఎంత పిండినా కొంత ఉండిపోతుంది. పాలిస్టర్, నైలాన్ పీచులు దాదాపు పీల్చుకోవు; నీళ్లు పోగుల మధ్య నిలుస్తాయి, పిండితే పోతాయి, మిగిలింది గాలికి పోతుంది. షాపులో 'డ్రై ఫిట్' అన్న స్టిక్కరు చూసి కొనకండి. లోపలి కుట్టులో చిన్న లేబులు ఉంటుంది, అది చదవండి. పాలిస్టర్ 65, కాటన్ 35 అని ఉంటే అది స్కూలు యూనిఫాం గుడ్డ. ఆరుతుంది గానీ ఆలస్యంగా. నూరు శాతం పాలిస్టరో, నైలానో, లేదంటే కొంచెం స్పాండెక్స్ (సాగే పీచు) కలిసిందో తీసుకోండి.

లేబులు లేకపోతే లోపలి మడతలోంచి ఒక్క పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. కాటన్ కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టర్ ముడుచుకుని కరిగి గట్టి పూసలా అవుతుంది; వేడిగా ఉన్నప్పుడు ముట్టుకోకండి. గొర్రె ఊలు కాలితే వెంట్రుకలు కాలిన వాసన. రోడ్డు పక్కన 'ఊలు స్వెటర్' అని అమ్మేవాటిలో చాలావరకు యాక్రిలిక్, అది కూడా కరిగి పూస కడుతుంది. పొడి జతలోకి యాక్రిలిక్ అయినా పరవాలేదు, వెచ్చగానే ఉంటుంది. కానీ నెగడికి దగ్గరగా కూర్చోవద్దు. ఒక్క నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది.

కొత్తవలస_ట్రెక్కర్:
కాటన్ మీద ఇంత భయం అక్కర్లేదనుకుంటాను. 'కాటన్ వద్దు' అన్న నియమం కెనడా లాంటి చలిదేశాల సరస్సులకి సరిపోతుంది. అక్కడ నీళ్లలో పడితే వేసవి మొదట్లో కూడా ఒళ్లు బిగుసుకుపోతుంది. మన దగ్గర మధ్యాహ్నం తడి కాటన్ చొక్కా ఒంటికి హాయి. పొందూరు ఖద్దరు కట్టి ఎండలో పనిచేసేవాళ్లు మనకి కొత్తా?

ఆమదాలవలస_టైలర్:
మధ్యాహ్నం వరకు మీ మాట నిజమే. తడి కాటన్ చల్లబరుస్తుంది. సమస్య నాలుగు గంటలకి మొదలవుతుంది. అదే చొక్కా గాలి తగిలినకొద్దీ చల్లబరుస్తూనే ఉంటుంది, అప్పుడు మీకు ఆ చల్లదనం అక్కర్లేదు. పైగా లైఫ్ జాకెట్ కింద నానిన కాటన్ చంకల దగ్గర ఒరిసి మంట పుట్టిస్తుంది. ఖద్దరు, లుంగీ, పాత కాటన్ టీషర్టు, ఇవన్నీ రాత్రి పొడి జతలో పెట్టుకోండి, నిద్రకి వాటిని మించినవి లేవు. పడవలోకి మాత్రం వద్దు. ఒక్క పల్చటి కాటన్ తువ్వాలుకి మినహాయింపు ఇస్తాను. ఎండలో తడిపి మెడకి చుట్టుకోవచ్చు, సాయంత్రం విప్పేయొచ్చు.

కొత్తవలస_ట్రెక్కర్:
విప్పేయగలిగింది అయితే సరే, ఒప్పుకున్నాను.

టెక్కలి_అక్క:
ఆడవాళ్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. చీర, చున్నీ, ఘేరు ఎక్కువున్న సల్వారు పడవలో వద్దు. కెనూకి మధ్యలో అడ్డ బద్దలు ఉంటాయి, పడవ తిరగబడితే గుడ్డ వాటికి చుట్టుకుంటుంది. సిగ్గు, అలవాటు పక్కన పెట్టండి, ఇది ప్రాణం సంగతి. జిమ్ లెగ్గింగు, దాని మీద పల్చటి నైలాన్ ప్యాంటు లేదా తొడల వరకు వచ్చే పాలిస్టర్ కుర్తీ. ముదురు రంగులైతే తడిసినా ఇబ్బంది ఉండదు. జడ గట్టిగా అల్లి లోపలికి దోపుకోవాలి. గొలుసులు, వేలాడే కమ్మలు, గాజులు ఇంట్లో పెట్టేయండి; ఉంగరం కూడా, తడిలో వేళ్లు ఉబ్బుతాయి.

తేదీ దగ్గర్లో లేకపోయినా ప్యాడ్లు తెచ్చుకోండి. నాలుగైదు చొప్పున జిప్ కవర్లలో, ఆ కవర్ మళ్లీ పొడి సంచిలో. వాడినవి పాత పేపరు చుట్టి, లోపల కనిపించని నల్ల కవర్లో వేసి, వెనక్కి తేవాలి. పాతిపెడితే కుక్కలు తవ్వేస్తాయి. మెన్‌స్ట్రువల్ కప్పు కొత్తగా ఈ ప్రయాణంలోనే మొదలుపెట్టొద్దు, అలవాటు ఉన్నవాళ్లకే. దొడ్డికి వెళ్లడానికి చిన్న తోట పార ఒకటి అందరికీ కలిపి చాలు. నీటి నుంచి రెండొందల అడుగుల దూరం, జానెడు లోతు గొయ్యి, తర్వాత మట్టి కప్పాలి. గైడు దగ్గర పార ఉందేమో ముందే అడగండి.

గంట్యాడ_గట్టు:
అక్క చెప్పిన దూరం సబ్బుకీ వర్తిస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖపట్నం తాగునీటికి పోతాయి. జలాశయంలో దిగి సబ్బు రుద్దుకోవద్దు, గిన్నెలు తోమొద్దు. బకెట్లో ముంచుకుని దూరంగా పోయి కడుక్కోండి.

రాజాం_వాసి:
చాలా థ్యాంక్స్ అండీ. సంచి? ఆన్‌లైన్లో డ్రై బ్యాగులు (మూతి చుట్టి మూసే, నీళ్లు దిగని సంచులు) చూశాను. మామూలు కాలేజీ బ్యాగులో పాలిథిన్ కవర్లు పెడితే సరిపోదా?

తెడ్డుపట్టు:
సరిపోతుంది, సరిగా కడితే. డ్రై బ్యాగు కొంటే బట్టలకీ పక్కకీ కలిపి 40 లీటర్లది, పగలు చేతికందాల్సిన వాటికి 10 లీటర్లది. మనిషికి ఒకే సంచి అన్నారు కాబట్టి ఈ చిన్నది ఒప్పుకుంటారేమో గైడుని అడగండి. బ్యాగు ఖరీదుది అయినంత మాత్రాన నీరు ఆగదు, మూసే పద్ధతి ముఖ్యం. సంచిని మూడొంతులే నింపండి. గాలి మొత్తం పిండేయకుండా కొంచెం ఉంచితే నీళ్లలో పడినా తేలుతుంది. మూతి అంచుల మీద ఇసుక, దారాలు తుడిచి, రెండు అంచులూ ముడతలు లేకుండా కలిపి, గట్టిగా మూడుసార్లు చుట్టి, అప్పుడు బకిల్ పెట్టాలి. నిండా కుక్కి ఒక్క చుట్టుతో బకిల్ పెడితే నీరు మూతిలోంచే వస్తుంది. కారేది అడుగున అని చాలామంది అనుకుంటారు, ఎక్కువసార్లు మూతే.

కాలేజీ బ్యాగయితే లోపల మందపాటి పాలిథిన్ సంచులు రెండు, ఒకదాంట్లో ఒకటి. కిరాణా క్యారీ బ్యాగు వద్దు, మొదటి రోజే చిరుగుతుంది. లోపలి సంచి మూతిని మెలితిప్పి, ఆ మెలికని వెనక్కి మడిచి, రబ్బరు బ్యాండు వేయండి. తర్వాత బయటి సంచికీ అదే. బ్యాగు గుడ్డ తడుస్తుంది, తడవనీయండి, దాని పని ముళ్ల నుంచి కాపాడటం. కడిగిన యూరియా సంచి కూడా బయటి తొడుగుగా బాగుంటుంది.

బయల్దేరే రెండ్రోజుల ముందు ఇంట్లోనే పరీక్ష చేయండి. సంచిలో పాత న్యూస్‌పేపర్లు కుక్కి, మూసి, నీళ్ల తొట్టిలో ఇటుక బరువు పెట్టి అరగంట ముంచండి. పేపరు ఏ మూల తడిసిందో అక్కడే లోపం.

చీపురుపల్లి_నర్సు:
బీపీ మాత్రలు ఉన్నవాళ్లు మూడు రోజులకి కాదు, ఐదు రోజులకి తెచ్చుకోండి. సగం తమ సంచిలో, సగం గైడు సంచిలో, రెండూ చీటీతో సహా. ఒక సంచి మునిగినా రెండోది ఉంటుంది. కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీటిని బయటికి పంపిస్తాయి, ఎండలో రోజంతా తెడ్డు వేస్తున్నప్పుడు దానివల్ల కళ్లు తిరగొచ్చు. వెళ్లే ముందు డాక్టరుని ఒక్కమాట అడగండి. సొంతంగా మానేయకండి.

గుంపు మొత్తానికి ఒక డబ్బా: పారాసిటమాల్, సెట్రిజిన్ (అలర్జీకి), బెటాడిన్, గాజ్ గుడ్డ (గాయం మీద వేసే పల్చటి గుడ్డ), క్రేప్ బ్యాండేజ్ రెండు, గుడ్డ ప్లాస్టర్ రోలు, కత్తెర, పట్టకారు (ముళ్లకి), ఓఆర్‌ఎస్ మనిషికి నాలుగు చొప్పున. ఓఆర్‌ఎస్ పాకెట్ మీద ఎన్ని నీళ్లలో కలపాలో ఉంటుంది, లీటరు పాకెట్ అయితే లీటరులో మొత్తం ఒకేసారి. అర గ్లాసుకి చిటికెడు వేసుకునే పద్ధతి తప్పు.

బొబ్బలు లేచేది బొటనవేలి మొదట్లో, చూపుడువేలి పక్కన. లేచాక కట్టడం కాదు, పడవెక్కే ముందే ఆ రెండు చోట్లా గుడ్డ ప్లాస్టర్ చుట్టండి. సన్‌స్క్రీన్ ముఖానికే రాసి వదిలేస్తారు. నీటి మీంచి ఎండ కిందనుంచి కూడా తగులుతుంది: గడ్డం కింద, చెవులు, చేతుల వెనక, పాదాల పైన. రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. సాయంత్రం దోమలకి ఫుల్ చేతులు, సాక్సులు, ఓడోమాస్.

బూట్లు రాత్రి టెంటు లోపలే, పొద్దున్న దులిపి వేసుకోవాలి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం ఏదీ చేయకండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర పెట్టి కట్టి, ఉంగరాలు గట్రా తీసేసి, 108కి ఫోన్ చేసి, యాంటీవీనం (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న ఆసుపత్రికి బేగి చేర్చండి.

రాజాం_వాసి:
మా జాబితా, ఒక మనిషికి: తడి జత (ఒంటి మీదే), పొడి జత, డబుల్ మింక్ రగ్గు, దిండు, జంపఖానా, పొంచో రెయిన్‌కోటు, స్టీలు నీళ్ల సీసా, టార్చి, పవర్ బ్యాంకు, తువ్వాలు పెద్దది. తూచితే పదకొండు కిలోలు దాటింది. ఏం తీసేయాలి?

గంట్యాడ_గట్టు:
మింక్ రగ్గే మీ బరువులో పెద్ద వాటా. అది సంచిలో పట్టదు కూడా. పది డిగ్రీల వరకు పనికొచ్చే స్లీపింగ్ బ్యాగు కిలో, కిలోంబావు ఉంటుంది. కొనడం ఇష్టం లేకపోతే పల్చటి ఫ్లీసు దుప్పట్లు రెండు తెచ్చి ఒకదాంట్లో ఒకటి వేసుకోండి. జంపఖానా వద్దు, నేల చెమ్మ పీల్చేస్తుంది. దాని బదులు యోగా మ్యాటు లాంటి ఫోము చాప, పది మిల్లీమీటర్ల మందం. రాత్రి చలి ఎక్కువ పుట్టేది కిందనుంచే. చాప లేకుండా రెండు దుప్పట్లు కప్పుకున్నా వీపు చల్లబడుతుంది. దిండు బదులు స్వెటర్ని సంచిలో చుట్టి తలకింద పెట్టుకోండి. పెద్ద తువ్వాలు బదులు చిన్నది.

టెంటు కింద బరకం పరిచేటప్పుడు అది టెంటు అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే మంచూ వానా దాని మీద పడి నేరుగా మీ కిందకే వస్తాయి. అంచులు లోపలికి మడవండి. చలి అని టెంటు గాలి కిటికీలు మొత్తం మూసేయకండి. ఊపిరి తేమ లోపలి గుడ్డకి పట్టి పొద్దున్నకి చుక్కలు కారుతుంది.

తెడ్డుపట్టు:
పొంచో కచ్చితంగా వద్దు. దుప్పటిలా కప్పే గుడ్డ నీళ్లలో చేతులకీ తలకీ చుట్టుకుంటుంది. చొక్కా, ప్యాంటు విడివిడిగా ఉన్న రెయిన్ సూట్ తెచ్చుకోండి. జనవరిలో వాన తక్కువే, కానీ పైచొక్కా గాలికి అడ్డం, అందుకే చేతికందే చిన్న సంచిలో ఉండాలి. (ఇదే ప్రయాణం అక్టోబరులో అయితే నేను వెళ్లనే వద్దంటాను. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న మన తీరాన్ని కొట్టాయి.)

లైఫ్ జాకెట్ గైడు ఇస్తారు గానీ సైజు చూసుకోవాల్సింది మీరే. అన్ని పట్టీలూ బిగించాక వెనకనుంచి ఒకరు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. చెవుల దాకా లేస్తే అది మీది కాదు. స్వెటర్ మీద బిగించి చూసి తర్వాత స్వెటర్ విప్పేస్తే వదులైపోతుంది, తడి జత మీదే చూసుకోండి. ఈత వచ్చినవాళ్లకీ ఇదే. పడవలో ఉన్నంతసేపు విప్పొద్దు, సీటు మీద వేసి కూర్చోవద్దు. జేబుకి ఒక ఈల కట్టుకోండి. మూడుసార్లు ఊదితే ఆపద అని అందరూ ముందే అనుకోవాలి.

కొత్తవలస_ట్రెక్కర్:
సామాను పడవకి కట్టాలా వద్దా? నేను వద్దంటాను. తిరగబడితే కట్టిన సంచులతో పడవ ఎత్తడం కష్టం.

తెడ్డుపట్టు:
రాళ్లూ ప్రవాహమూ ఉన్న ఏట్లో మీ మాట గురించి ఆలోచించాలి. జలాశయంలో మాత్రం కట్టాలనే నా మాట. మధ్యాహ్నం గాలి లేచిందంటే తేలిన సంచి మీరు ఈదేకన్నా ముందే పోతుంది. కానీ పొడుగు తాడు వద్దు. జానెడు తాడుతో మధ్య బద్దకి కట్టండి, వేలాడే ఉచ్చులు, కొసలు ఉంచకండి. కాలు పట్టేది ఆ ఉచ్చులే. గైడు వేరేలా చెప్తే గైడు మాటే వినండి, పడవలు ఆయనవి, ఎత్తాల్సిందీ ఆయనే.

బరువు సర్దడం: నీళ్ల క్యాన్లు, తిండి డబ్బా లాంటివి అడుగున, మధ్యలో. బట్టల సంచులు వాటికి రెండు పక్కలా. అంచు కన్నా ఎత్తుగా ఏదీ లేవకూడదు, గాలి పట్టేస్తుంది. ఇద్దరిలో బరువైనవాళ్లు వెనక. ఎక్కాక పక్కనుంచి చూస్తే నీటికీ పడవ అంచుకీ మధ్య కనీసం ఆరంగుళాలు ఉండాలి. తక్కువైతే సామాను దించండి, 'మెల్లగా పోదాం' అని సర్దిచెప్పుకోవద్దు.

రాజాం_వాసి:
రగ్గు, దిండు, జంపఖానా, పొంచో తీసేశాం. స్లీపింగ్ బ్యాగు, ఫోము చాప, రెయిన్ సూట్ చేర్చాం. ఇప్పుడు ఏడు కిలోలు చిల్లర. ఫోన్లు, కళ్లజోళ్ల మాటేంటి? నీళ్లు ఎన్ని?

టెక్కలి_అక్క:
కళ్లజోడు రెండు కాడలకీ తాడు కట్టి మెడ వెనక బిగించండి. రెండో జత గట్టి పెట్టెలో, పొడి సంచిలో. కాంటాక్టు లెన్సులు వద్దు, మురికి నీళ్లు కంట్లో పడితే ప్రమాదం.

తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకి ఐదు లీటర్లు లెక్కేసుకోండి. ఎనిమిది మందికి మూడు రోజులవి మోయలేరు కాబట్టి గైడు ఏం చేస్తారో అడగండి. జలాశయం నీళ్లయితే పల్చటి గుడ్డలో వడకట్టి, బురదగా ఉంటే పటిక తిప్పి తేర్చి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం మరగనివ్వాలి. పటిక మట్టిని దించుతుంది, రోగాన్ని చంపదు. స్టీలు సీసా బదులు పల్చటి ప్లాస్టిక్ సీసాలు లీటరువి రెండు, మెడకి తాడు కట్టి.

కొత్తవలస_ట్రెక్కర్:
ఫోన్ పౌచ్‌లో ముందు టిష్యూ కాగితం ఒక్కటే పెట్టి బకెట్లో అరగంట ముంచి చూడండి, తర్వాతే ఫోన్. పౌచ్ తాడు మెడకి వద్దు, లైఫ్ జాకెట్ జేబుకి తగిలించండి. తలకి పెట్టుకునే టార్చి మేలు, చేతులు ఖాళీగా ఉంటాయి. పగలు సంచిలో నొక్కుకుని వెలగకుండా ఒక సెల్ తిప్పి పెట్టండి, విడి సెల్స్ ఒక సెట్. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచితే మూడు రోజులకి 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒకటి ఇద్దరికి చాలు.

రాజాం_వాసి:
చివరిది. పొడి సంచిలో చోటుంది. పవర్ బ్యాంకు, అగ్గిపెట్టెలు అందులోనే వేసేయొచ్చా?

తెడ్డుపట్టు:
రెండూ ఒక్కచోట వద్దు. పవర్ బ్యాంకు జిప్ కవర్లో వేసి పొడి బట్టల మధ్య పెట్టండి. తడిస్తే మళ్లీ ఛార్జింగ్ పెట్టే పని పెట్టుకోకండి. అగ్గిపెట్టె, లైటరు మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో, 10 లీటర్ల సంచిలో. రెండో పడవలో ఇంకో లైటరు ఉండాలి. పొడి సంచి క్యాంపు చేరేదాకా విప్పకూడనిది కాబట్టి, దారిలో అవసరమయ్యేది ఏదీ అందులో ఉండకూడదు.